వేదిక మీది మైకు: కండెన్సరా, డైనమిక్కా?

శబ్దాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే సాధనం మైక్రోఫోన్. తెలుగునాట అది ఎప్పుడో మైకుగా స్థిరపడింది. కచేరీలకూ హరికథలకూ పద్యనాటకాలకూ వాడే మైకుల్లో ప్రధానంగా రెండు జాతులున్నాయి. డైనమిక్ మైకులో ఒక పలుచని పొరకు సన్నని తీగచుట్ట అంటుకొని ఉంటుంది. శబ్దం తాకి పొర కదిలినప్పుడు ఆ చుట్ట అయస్కాంత క్షేత్రంలో ముందుకూ వెనుకకూ ఊగి, 1831లో ఫారడే నిరూపించిన విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రాన్ని అనుసరించి, బయటి విద్యుత్తు అవసరం లేకుండానే స్వల్పమైన వోల్టేజీని పుట్టిస్తుంది. కండెన్సర్ మైకులో తీగచుట్ట ఉండదు; కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే గల, లోహపు పూత పూసిన పొర ఒకటి, దాని వెనుక కదలని పలక ఒకటి, ఆ రెండింటి మీద నిలిపిన విద్యుదావేశం, ఇవే దానిలోని ముఖ్యాంగాలు. పొర కదిలితే రెండింటి మధ్య ఎడం మారుతుంది, ఎడంతోపాటు వోల్టేజీ మారుతుంది. ఆ సంకేతం పొడవైన తీగ వెంట ప్రయాణించగల బలం లేనిది కనుక మైకు లోపలే చిన్న యాంప్లిఫైయరును అమర్చి, దానికి మిక్సర్ నుంచి విద్యుత్తు అందించవలసి వస్తుంది.

ఈ రెండింటిలో వేదికకు ఏది తగినదన్న వివాదం కళాకారులకూ మైకుసెట్ల వారికీ మధ్య ఎడతెగక సాగుతున్నది. దానిని ఇక్కడ ఇద్దరి సంవాదంగా నిలుపుతున్నాం. ఒకరు పందిళ్లలోనూ కల్యాణమండపాలలోనూ శబ్ద పరికరాలు అమర్చే వృత్తిలో తలపండిన మైకుసెట్టు యజమాని. ఆయనది డైనమిక్ పక్షం. రెండవవారు కర్ణాటక సంగీతంలో వాయులీన విదుషి. ఆమెది కండెన్సర్ పక్షం. శ్రీరామనవమి పందిరిలో గాత్రకచేరీ, దాని వెంట హరికథ జరగవలసి ఉన్నదన్నది సందర్భం.

విదుషి: అయ్యా, గాయకుల చేతికి ఇచ్చే మైకునే వాయులీనం ముందు కూడా పెట్టించడం మైకుసెట్ల వారికి అలవాటుగా మారింది. లోకమంతటా వేదికలపై కనిపించే షూర్ ఎస్ఎం58 సంగతే తీసుకోండి. దాని తయారీదారులే చెప్పిన లెక్క ప్రకారం అది 50 హెర్ట్జ్ నుంచి 15,000 హెర్ట్జ్ వరకు మాత్రమే స్పందిస్తుంది. మంచి కండెన్సర్ 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, అంటే మనిషి చెవికి వినిపించే పరిధి మొత్తాన్ని అందుకుంటుంది. కమాను తీగను పట్టే క్షణంలో పుట్టే సున్నితమైన ఒరిపిడి, స్వరం మీద తేలే అనుస్వరాల మెరుగు, ఇవన్నీ పై పరిధిలోనే ఉంటాయి. వాటిని కోసివేసిన తరువాత శ్రోతకు అందేది వాయులీనపు ఆకారమే కాని దాని ప్రాణం కాదు.

యజమాని: అమ్మా, 15,000 హెర్ట్జ్ పైన ఉన్నదాన్ని వినేవారు పందిట్లో ఎందరు? వయసు పెరిగేకొద్దీ చెవి మొదట కోల్పోయేది ఆ పై పరిధినే. కచేరీకి వచ్చి ముందు వరుసల్లో కూర్చునే పెద్దలకు అది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పైగా గమకం అన్నది స్వరస్థానం కదలిక; ఆ కదలికను డైనమిక్ మైకు వెంట్రుకవాసి తేడా లేకుండా మోసుకుపోతుంది. తోడిలో గాంధారం ఊగవలసినంతా ఊగుతుంది, ఏ మైకూ దానిని ఆపదు. పోగొట్టుకున్నది లేనిచోట పోయిందని బాధపడడం దేనికి?

విదుషి: గమకం విషయంలో మీ మాట నిజమే, ఒప్పుకోవలసిందే. స్వరం ఎక్కడ ఊగినదీ ఏ మైకైనా చెబుతుంది. కాని వివాదం 15,000 దగ్గర గీసిన గీత గురించి మాత్రమే కాదు. డైనమిక్ పొర తీగచుట్ట బరువును మోస్తూ కదలాలి. కండెన్సర్ పొరకు ఆ భారం లేదు. కమాను దిశ మారినప్పుడు, మృదంగం మీద చాపు పడినప్పుడు, శబ్దం ఒక్క క్షణంలో లేచి అణగుతుంది. తేలికైన పొర దానిని వెంటనే అనుసరిస్తుంది, బరువైన పొర కొంత మొద్దుబారుస్తుంది. ఇంకొక మాట. గాయకుల మైకులో 5,000 హెర్ట్జ్ పరిసరాల్లో స్పందనను కావాలనే కొంచెం ఎత్తి పెడతారు. అక్షరాలు స్పష్టంగా వినిపించాలని చేసిన ఏర్పాటు అది, గాత్రానికి చాలా మంచిదే. అదే ఎత్తు వాయులీనం మీద పడితే కమాను ఒరిపిడి గరగరగా మారుతుంది. శ్రోత ఆ గరగర వినివిని అది వాద్యానికి సహజమనుకునే స్థితికి వచ్చాడు, విచారించవలసింది ఇదే.

ఈ అంశంలో విదుషి పక్షమే బలమైనదని చెప్పక తప్పదు. ఆమె చివర చెప్పిన కారణం మిగతావాటికంటే ముఖ్యమైనది, ఎందుకంటే 5,000 హెర్ట్జ్ పరిసరాలు పెద్దవయసు చెవికి కూడా చాలావరకు అందుతాయి. ఈక్వలైజర్ మీద ఆ భాగాన్ని తగ్గించుకోవచ్చునని యజమాని సమాధానం ఇవ్వగలడు, అది కొంతవరకు పనిచేస్తుంది కూడా. కాని ఒక పనికోసం రూపొందించిన సాధనాన్ని మరొక పనికి దిద్దుకొని వాడడం ఆ పనికే పుట్టిన సాధనాన్ని వాడడంతో సమానం కాదు.

యజమాని: సరే, ఫిడేలు నాదం సంగతి మీకు వదిలేస్తే, పందిరి సంగతి మైకుసెట్ల వారికి వదిలిపెట్టాలి. అమ్మా, కండెన్సర్ పెట్టిన ప్రతిచోటా మైకు కుయ్యిమంటుంది. పక్కనున్న ఘటం, వెనుకనున్న తంబురా, పందిరి బయట పోయే లారీ హారను, అన్నీ దానిలో పడతాయి. దూరపు శబ్దాలను కూడా లాక్కునే గుణం దానిది. డైనమిక్ అయితే ఎదుట ఉన్నదాన్నే తీసుకుంటుంది.

ఇక్కడ వివాదం అసలు కేంద్రానికి వచ్చింది. యజమాని కుయ్యిమనడం అన్నదానికి సాంకేతిక భాషలో ఫీడ్‌బ్యాక్ అని పేరు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్ లార్సెన్ పేరు మీద దానిని లార్సెన్ ప్రభావమని కూడా అంటారు. లౌడ్‌స్పీకరు నుంచి వెలువడిన శబ్దం మళ్లీ మైకులో పడి, యాంప్లిఫైయరులో బలపడి, మళ్లీ స్పీకరులోంచి వచ్చి, ఇలా చుట్టుచుట్టుకూ పెరిగిపోయి, ఏ ఒక్క పౌనఃపున్యం దగ్గర ఈ చక్రం అన్నిటికంటే బలంగా తిరుగుతుందో అక్కడ కూతగా బయటపడుతుంది.

విదుషి: దూరపు శబ్దాన్ని లాక్కునే శక్తి ఏ మైకుకూ లేదయ్యా. మైకు తన పొర మీద పడిన ఒత్తిడిని తెలుపుతుందే కాని ఆ ఒత్తిడి ఎంత దూరం నుంచి వచ్చినదో దానికి తెలియదు. తేడా సున్నితత్వంలో ఉంది. ఒక పాస్కల్ ఒత్తిడికి, అంటే 94 డెసిబెల్ శబ్దానికి, ఎస్ఎం58 సుమారు 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. అదే సంస్థ వాద్యాలకోసం చేసిన కండెన్సర్ ఎస్ఎం81 సుమారు 5.6 మిల్లీవోల్టులు ఇస్తుంది. మూడు రెట్లు, లేదా దాదాపు పది డెసిబెళ్లు. డైనమిక్ తీసి అదే చోట కండెన్సర్ పెట్టి, మిక్సర్ మీద గెయిన్, అంటే సంకేతాన్ని పెంచే స్థాయి, మాత్రం తగ్గించకపోతే వేదిక మీది శబ్దమంతా పది డెసిబెళ్లు పెరుగుతుంది, మైకు కూస్తుంది. నేరం మైకుది కాదు, తగ్గించని చేతిది. గెయిన్ సరిచూసిన తరువాత, రెండు మైకుల దిశాగుణం ఒకటే అయి, రెండూ వాద్యానికి ఒకే దూరంలో ఉంటే, అవి పక్క శబ్దాన్ని పట్టుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు.

యజమాని: లెక్క సరే. కాని డైనమిక్ పెట్టినప్పుడు గాయకుడు పెదవులు ఆనించేంత దగ్గరగా పాడతాడు. కండెన్సర్ చూడగానే దానికి ఎంతో వినిపిస్తుందన్న నమ్మకంతో అడుగు దూరంలో కూర్చుంటాడు. అప్పుడు గొంతు అందక గెయిన్ పెంచక తప్పదు, పెంచితే కూత తప్పదు. వేదిక మీద జరిగేది ఇది. కాగితం మీద మైకులు కూయవు.

యజమాని వాదన తర్కానికి ఎదురు పోలేదు, తర్కం వదిలేసిన మనుషుల అలవాటును ముందుకు తెచ్చింది. అందుకే ఇది గట్టి వాదన. దూరం చేసే పనిని అంకెల్లో చూస్తే దాని బలం తెలుస్తుంది. బహిరంగ ప్రదేశంలో శబ్దమూలం నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దస్థాయి 6 డెసిబెళ్లు తగ్గుతుంది. పెదవులకు 5 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకు 30 సెంటీమీటర్లకు జరిగితే దానికి అందే గొంతు సుమారు 15 డెసిబెళ్లు పడిపోతుంది, లౌడ్‌స్పీకరు నుంచి వచ్చిపడే శబ్దం మాత్రం ఏమాత్రం తగ్గదు. మైకు జాతి మార్చినందువల్ల వచ్చే ఏ మేలూ, ఏ కీడూ ఈ 15 డెసిబెళ్లకు సాటి రాదు. కండెన్సర్‌కు అంటగట్టిన కూతల అపకీర్తిలో ఎక్కువ పాలు ఈ దూరానికే చెందాలి.

దూరం తరువాతి స్థానం దిశాగుణానిది. వేదికపై వాడే మైకులు చాలావరకు కార్డియాయిడ్ రకం, అంటే ముందువైపు పూర్తిగా, పక్కలనుంచి 6 డెసిబెళ్లు తక్కువగా విని, సరిగ్గా వెనుకవైపు దాదాపు చెవిటివిగా ఉండేవి. సూపర్‌కార్డియాయిడ్ రకం పక్కలనుంచి ఇంకా తక్కువ వింటుంది కాని దానికి సరిగ్గా వెనుక కొంచెం వినికిడి ఉంటుంది. దాని చెవిటి దిశ వెనుకకు రెండు పక్కలా, ముందు నుంచి లెక్కిస్తే సుమారు 126 డిగ్రీల దగ్గర ఉంటుంది. కళాకారులు తమ గానం తాము వినడానికి వేదికపై ఉంచే మానిటర్ స్పీకరును మొదటి రకానికి సరిగ్గా వెనుకగా, రెండవ రకానికి వెనుక ఒక పక్కగా పెట్టాలి. ఈ చిన్న తేడా తెలియక మైకు మార్చి, మానిటర్‌ను మాత్రం పాతచోటనే ఉంచి, కొత్త మైకు పనికిరాదని తీర్మానించడం తరచుగా జరుగుతుంది. గాయకుడు మైకు జాలీని పిడికిట మూసిపట్టుకుంటే ఇంకా ప్రమాదం: వెనుకనుంచి గాలి పోవలసిన దారులు మూతపడి, దిశాగుణం చెడిపోయి, ఏ జాతి మైకైనా అన్నివైపులా వినడం మొదలుపెట్టి కూస్తుంది.

యజమాని: దిశ, దూరం సంగతి ఒప్పుకున్నట్టే. ఇక మన్నిక సంగతి. పందిరి అంటే ఏసీ హాలు కాదమ్మా. కాకినాడలోనో మచిలీపట్నంలోనో సముద్రపు తేమ, దానికి తోడు దుమ్ము, జనరేటరు మీద ఎగిరిపడే కరెంటు, స్టాండుకు కాలు తగిలి కిందపడే మైకులు. డైనమిక్ కిందపడితే జాలీ సొట్టపోతుంది, తీసి నిలబెడితే మళ్లీ పలుకుతుంది. కండెన్సర్‌లో తేమ చేరితే చిటపటలు మొదలవుతాయి, మంగళం పాడేదాకా ఆగవు. 48 వోల్టులు పంపగల మిక్సర్ లేకపోతే అది అసలు పలకనే పలకదు. పల్లెల్లో ఇంకా నడుస్తున్న పాత యాంప్లిఫైయర్లలో ఆ వసతి ఎక్కడిది?

ఆయన చెప్పిన 48 వోల్టులను ఫాంటమ్ పవర్ అంటారు. సంకేతం ప్రయాణించే రెండు తీగల మీదా సమానంగా ఈ వోల్టేజీని మిక్సర్ పంపుతుంది. రెండింటిలోనూ ఒకే వోల్టేజీ ఉండడంవల్ల సరిగా అమర్చిన డైనమిక్ మైకు తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించదు, దానికి హాని కలగదు. ఒకే మిక్సర్‌కు రెండు జాతుల మైకులనూ కలపవచ్చునా అన్న సందేహం అనవసరమైనది. తేమ గురించిన యజమాని మాట అక్షరాలా నిజం: ఆవేశాన్ని నిలుపుకొనే పొరకూ పలకకూ మధ్య తడి చేరితే ఆవేశం కారిపోయే దారి ఏర్పడి, ఆ కారడమే చిటపటగా వినిపిస్తుంది.

విదుషి: తేమకు మైకును వాడనప్పుడు సిలికాజెల్ పొట్లంతో పెట్టెలో భద్రపరచడం ఒక విరుగుడు. అయినా కోస్తా పందిళ్లలో ఆ మాట కాదనలేనిదే. కాని మీ న్యాయం ప్రకారం చూస్తే వీణ, వాయులీనం కూడా తేమకు పాడయ్యే కట్టెలే, అవి వేదిక ఎక్కడం మానలేదు గదా. వాద్యాన్ని చూసుకున్నట్టు మైకునూ చూసుకునేవారు ఉంటే సరిపోతుంది.

ఈ సంవాదంలో యజమాని వెంటనే సమాధానం చెప్పలేని మాట ఇదొక్కటే. ఇక చరిత్ర చూస్తే, అది రెండు పక్షాలనూ ఒకే గూటికి చేరుస్తుంది. కండెన్సర్ మైకును 1916లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో రూపొందించినవాడు ఎడ్వర్డ్ వెంటె. 1931లో అదే సంస్థ తెచ్చిన తీగచుట్ట మైకు 618ఎ వెనుక, ఆల్బర్ట్ థురాస్‌తోపాటు ఉన్నవాడూ ఆ వెంటెయే. వేదికపై గాయకుల మైకుకు పర్యాయపదమైన ఎస్ఎం58, 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో పనిచేసిన తొలి మైకుగా పేరొందిన నాయ్‌మన్ కేఎం84, రెండూ 1966లోనే వచ్చాయి. ఒకదానిని పాతదిగా, మరొకదానిని కొత్తదిగా చూపే వాదనకు ఆధారం లేదు.

యజమాని: హరికథ సంగతి ఏమిటి? దాసుగారు ఒకచోట నిలబడరు. చిడతలు వాయిస్తూ, గజ్జె కట్టి వేదికంతా తిరుగుతూ, ఒకసారి గద్యం, ఒకసారి పద్యం, ఒకసారి కీర్తన. నిలబెట్టిన కండెన్సర్ ముందు ఆయన రెండడుగులు పక్కకు వేస్తే గొంతు మాయమవుతుంది. చేతిలో పట్టుకునే డైనమిక్ ఇద్దామంటే చిడతలకు చెయ్యి ఖాళీ లేదు.

విదుషి: అందుకే ఇప్పుడు దాసుగార్లు చెంప పక్కన వంచి పెట్టుకునే హెడ్‌సెట్ మైకు వాడుతున్నారు. అది దాదాపు ఎప్పుడూ ఎలక్ట్రెట్ జాతి, అంటే ఆవేశాన్ని శాశ్వతంగా నిలుపుకున్న పదార్థంతో చేసిన కండెన్సరే; 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ రూపొందించిన విధానం అది. నోటికి రెండు మూడు వేళ్ల దూరంలో ఉంటుంది, దాసుగారు ఎటు తిరిగినా ఆ దూరం మారదు. కండెన్సర్ కూస్తుందన్న మాటకు ఇంతకంటే గట్టి ఖండన ఏముంటుంది?

యజమాని: ఖండన గట్టిదే. కాని ఆ చిన్న మైకులు ఎక్కువగా అన్నివైపులా వినే రకం. దాసుగారి చిడతలు గుండె ఎదుట మోగుతుంటే ఆ లోహపు శబ్దం గొంతుతో సమానంగా దానిలో పడుతుంది. ‘భ’, ‘ఫ’ వచ్చినచోట ఊపిరి మైకును కొడుతుంది.

ఊపిరి తాకిడికి విరుగుడు ఆ మైకును పెదవుల ఎదుట కాక పెదవి మూలకు పక్కగా ఉంచి, స్పాంజి తొడుగు వేయడం. చిడతల సమస్యకు అంత తేలిక పరిష్కారం లేదు. ఒకవైపే వినే హెడ్‌సెట్లు ఉన్నాయి కాని అవి చెంప మీద కొంచెం జరిగినా గొంతు స్వభావం మారిపోతుంది. హరికథా పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) జీవితంలో అధికభాగం లౌడ్‌స్పీకర్లు లేని కాలంలోనే గడిచింది. గొంతుకూ చిడతలకూ మధ్య పాళ్లు నిర్ణయించుకున్నది ఆనాటి కళాకారుడే. నేడు ఆ అధికారం మిక్సర్ ముందు కూర్చున్నవారి చేతికి వచ్చింది కనుక ఆ వ్యక్తికి హరికథ తెలిసి ఉండడం మైకు జాతికంటే ముఖ్యం.

మృదంగం విషయంలో ఇద్దరికీ పెద్ద భేదం లేదు. రవ్వముద్ద పెట్టిన ఎడమ ముఖపు గుమ్కీకి డైనమిక్, కరణి గల కుడి ముఖపు మీటుకూ చాపుకూ కండెన్సర్ అన్నది వారు సులభంగా చేరుకున్న ఏర్పాటు. వీణకు కొందరు వాడే కాంటాక్ట్ మైకు ఈ రెండింటికీ చెందని మూడవ జాతి, వాద్యపు కట్టెకే అతికించేది. దాని చర్చ వేరు.

విదుషి: ఇంకొక్క విషయం. పందిరిలో చివర త్యాగరాజ పంచరత్నాల గోష్ఠిగానం ఉన్నది. పది పన్నెండు మంది కూర్చుంటారు. అందరికీ తలా ఒక డైనమిక్ ఇస్తారా?

యజమాని: అదే అలవాటు అమ్మా. అడిగినవారికల్లా మైకు ఇవ్వకపోతే కోపాలు వస్తాయి.

విదుషి: తెరచి ఉంచిన మైకుల సంఖ్య రెట్టింపైనప్పుడల్లా కూత రాకుండా పెంచగల స్థాయి 3 డెసిబెళ్లు తగ్గుతుంది. నాలుగు మైకులను ఎనిమిది చేస్తే మూడు, పదహారు చేస్తే ఆరు. ఎవరి గొంతూ స్పష్టంగా వినిపించకపోవడానికి కారణం తక్కువ మైకులు కాదు, ఎక్కువ మైకులు. ఇద్దరికీ ముగ్గురికీ కలిపి ఒక కండెన్సర్ పెడితే చాలు. మైకుకూ మైకుకూ మధ్య దూరం, గాయకుడికీ తన మైకుకూ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఉండేలా చూస్తే ఒకరి గొంతు రెండు మైకుల్లో పడి బోలుగా మారదు.

యజమాని: పందిట్లో అంత దూరం నుంచి కండెన్సర్ తీసుకుంటే చివరి వరుసకు శబ్దం చాలదమ్మా. గోష్ఠి మధ్యలో ముగ్గురు ప్రధాన గాయకులకు మూడు డైనమిక్‌లు దగ్గరగా ఇచ్చి, మిగతావారి గొంతును వాటి వెనుక వినిపించనివ్వడం మేలు. మైకుల సంఖ్య తగ్గించాలన్న మాట మాత్రం శిరోధార్యం.

గోష్ఠి గురించి ఇద్దరూ ఏకీభవించలేదు, ఏకీభవించనక్కర కూడా లేదు. మూసి ఉన్న సభామందిరంలో విదుషి మాట, బయటి పందిరిలో యజమాని మాట నెగ్గుతాయి. గాత్రానికి బహిరంగ వేదికపై డైనమిక్, వాయులీనానికి ఎక్కడైనా దగ్గరగా పెట్టిన కండెన్సర్, హరికథకు హెడ్‌సెట్ అన్నది ఈ సంవాదం నుంచి తేలే తీర్పు. కాని గెయిన్ సరిచూసుకోవడం, మానిటర్‌ను మైకు చెవిటి దిశలోకి జరపడం, కళాకారుణ్ణి మైకు దగ్గరకు కూర్చోబెట్టడం, అక్కర లేని మైకులను మూయడం, ఇవన్నీ ప్రేక్షకులు రాకముందే జరగవలసిన పనులు. మన సభల్లో చాలాచోట్ల ప్రార్థన మొదలైన తరువాతనే మైకుల తీగలు కలుపుతుంటారు. సభానిర్వాహకులు అతిథుల సత్కారానికి కేటాయించే కాలంలోంచి అరగంట తీసి కచేరీకి ముందు శబ్దపరీక్షకు ఇవ్వాలి, ఆ అరగంటా కళాకారులు తప్పక వేదికపై ఉండాలి.